హవాయిలో టైమ్‌షేర్: కొనకుండా వాడుకోవడం ఎలా, కొనాల్సి వస్తే ఎలా కొనాలి

వైకీకీలో బీచ్ పక్క రోడ్డు మీద నడుస్తుంటే చేతిలో బ్రోచర్లు పట్టుకుని ఒకాయన పలకరిస్తాడు. లువావ్ విందు టికెట్లు సగం ధరకే ఇస్తాం, పడవ షికారు ఉచితం, రేపు పొద్దున ఓ తొంభై నిమిషాలు మా రిసార్ట్ చూసి వెళ్తే చాలు అంటాడు. రిసార్ట్‌లో ఏటా కొన్ని రోజులు ఉండే హక్కు కొనుక్కోవడమే టైమ్‌షేర్. అమెరికాలో ఉండే తెలుగువాళ్లలో చాలామందికి దాంతో పరిచయం ఇలాగే మొదలవుతుంది. మాకూ అంతే. ఆ తొంభై నిమిషాలు మూడున్నర గంటలయ్యాయి. ముగ్గురు మనుషులు మారారు, ధర మూడుసార్లు తగ్గింది, మా చిన్నది ఆకలికి ఏడుపు లంకించుకుంది. ఈ ధర ఇవాళ్టికే అన్నారు. సంతకం పెట్టకుండా లేచి వచ్చేశాం. రెండేళ్ల తర్వాత అలాంటి రిసార్ట్‌లోనే రెండు బెడ్‌రూములు, వంటగది, సముద్రం వైపు బాల్కనీ ఉన్న యూనిట్‌లో వారం రోజులు ఉన్నాం. అప్పుడూ ఏమీ కొనలేదు. అసలు ఓనరు దగ్గర ఆ వారం అద్దెకు తీసుకున్నాం.

మీరూ అక్కడినుంచే మొదలుపెట్టండి.

ముందు, అసలు అమ్మేదేమిటో తెలుసుకోండి

పాత పద్ధతిలో ఒక రిసార్ట్‌లో ఏడాదికి ఒక వారం మీ పేరు మీద రాసి ఇస్తారు. ఏడాదిలోని వారాలకు 1 నుంచి 52 దాకా నంబర్లుంటాయి. ఫలానా నంబరు వారమే మీదైతే అది ఫిక్స్‌డ్ వీక్. ఒక సీజన్‌లో ఖాళీ ఉన్న ఏ వారమైనా తీసుకోవచ్చంటే ఫ్లోటింగ్ వీక్. రెండేళ్లకోసారి వచ్చేవి కూడా ఉంటాయి, సరి సంవత్సరాలవి, బేసి సంవత్సరాలవి. ఇప్పుడు కొత్తగా అమ్మేవి ఎక్కువగా పాయింట్లు. ఏటా ఇన్ని పాయింట్లు మీ ఖాతాలో పడతాయి. వాటితో నాలుగు రాత్రులు పెద్ద యూనిట్‌లో ఉంటారో, పది రాత్రులు ఒంటిగది స్టూడియోలో ఉంటారో మీ ఇష్టం.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో మీ ఇంట్లో క్లబ్ మహీంద్రా సభ్యత్వం ఉంటే ఇదంతా కొత్తగా అనిపించదు. పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని సీజన్లు పెట్టి, 25 ఏళ్లపాటు ఏటా ఏడు రోజులు ఇచ్చే ఆ పద్ధతికి ఇది అన్నలాంటిది. కాకపోతే హవాయిలో చాలా ఒప్పందాలకు పాతికేళ్ల గడువేమీ ఉండదు, భూమి పత్రంలా శాశ్వతం. కొన్నిటికి ఆఖరి తేదీ ఉంటుంది. ఒవాహు ద్వీపంలో డిస్నీ వాళ్ల అవులాని రిసార్ట్ 2011లో తెరిచారు, అక్కడి హక్కు 2062తో ముగుస్తుంది. శాశ్వతం అన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు కూడా శాశ్వతమే.

తేదీ వదులుకుంటారా, చోటు వదులుకుంటారా?

సేల్స్ గదిలో ఎక్కువసార్లు వినబడే మాట ఫ్లెక్సిబుల్. ఎప్పుడైనా, ఎక్కడికైనా అంటారు. అలా ఉండదు. క్రిస్మస్ వారంలో మావీలో, సముద్రం ఎదురుగా, రెండు బెడ్‌రూములు కావాలని మీకు ఎంత ఉంటుందో ఆ రిసార్ట్‌లోని మిగతా ఓనర్లందరికీ అంతే ఉంటుంది. అక్కడ సర్దుకుపోవాల్సింది మీరే. తేదీ ఖాయమైతే ద్వీపం విషయంలో పట్టు విడవాలి. ద్వీపం ఖాయమైతే తేదీ విషయంలో విడవాలి.

కాబట్టి కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: ద్వీపం, తేదీ, యూనిట్ సైజు. ఇందులో దేన్ని ఎంతవరకు మార్చుకోగలరో పక్కన రాయండి. బడికెళ్లే పిల్లలుంటే తేదీ దాదాపు కదలదు: జూన్ నుంచి ఆగస్టు మొదటి వారాలు, డిసెంబర్ ఆఖరు, వసంతకాలపు సెలవులు. అప్పుడు నాలుగు ద్వీపాల్లో ఏదైనా సరే అనుకుంటే పని అవుతుంది. బడి గొడవ లేనివాళ్లు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉండేవాళ్లు అదృష్టవంతులు. ఏప్రిల్ మధ్య నుంచి మే దాకా, మళ్లీ సెప్టెంబర్ నుంచి నవంబర్ మధ్య దాకా అడిగిన చోటే దొరికే అవకాశం చాలా ఎక్కువ. మధ్యలో ఏప్రిల్ చివర, మే మొదట్లో జపాన్ వాళ్ల గోల్డెన్ వీక్ సెలవులు వస్తాయి, వైకీకీలో ఆ రోజుల్లో కొంచెం రద్దీ.

ద్వీపం ఎంచుకోవడం

ఒవాహులో వైకీకీ దగ్గర ఉంటే కారు లేకుండా నడిచిపోతుంది. హిల్టన్ హవాయియన్ విలేజ్‌లోని లగూన్ టవర్ లాంటి టైమ్‌షేర్ భవనాలు బీచ్‌ను ఆనుకునే ఉన్నాయి. పడమటి వైపు కో ఒలీనాలో అవులాని, మారియట్ ఉన్నాయి. ప్రశాంతంగా ఉంటుంది గానీ ఊరికి దూరం, కారు ఉండాల్సిందే. పెద్దవాళ్లతో మొదటిసారి వెళ్తుంటే నేను వైకీకీయే చెప్తాను.

మావీలో టైమ్‌షేర్లు ఎక్కువగా పడమటి తీరంలో, కానపాలి నుంచి పైకి ఉన్నాయి. 2023 ఆగస్టు 8 నాటి మంటల్లో కాలిపోయిన లహైనా ఊరు పక్కనే. ఆ దారిలో వెళ్లేటప్పుడు కారు ఆపి ఫోటోలు తీయకండి, అక్కడివాళ్లకు అది ఇంకా పచ్చి గాయం. జనవరి నుంచి మార్చి దాకా బాల్కనీలో కూర్చుంటే హంప్‌బ్యాక్ తిమింగలాలు కనబడతాయి. అందుకే ఆ నెలల్లో మావీ వారాలకు అంత గిరాకీ.

కవాయిలో ఒక చిన్న చిక్కు ఉంది. ఉత్తరాన ప్రిన్స్‌విల్, దక్షిణాన పొయిపు. ఫోటోల్లో ఉత్తరమే అందంగా ఉంటుంది. చలికాలంలో మాత్రం అక్కడ వానలు ఎక్కువ, అలలూ పెద్దవి, ఈతకు కుదరదు. డిసెంబర్‌లో వెళ్తే పొయిపు తీసుకోండి, వేసవిలో ప్రిన్స్‌విల్. అమ్మానాన్నలు వెంట ఉంటే తూర్పు తీరంలోని హిందూ మఠం చూపించండి. అక్కడి ఇరైవన్ గుడి రాళ్లు బెంగళూరు దగ్గర చేత్తో చెక్కి ఓడల్లో తెచ్చినవి. దర్శనం వేళలు తక్కువ, ముందే కనుక్కోండి.

బిగ్ ఐలాండ్‌లో టైమ్‌షేర్లు ఎండగా ఉండే వైకొలోవా, కోనా వైపున. అగ్నిపర్వతం ద్వీపానికి అవతలి వైపు, వైకొలోవా నుంచి కారులో ఒకవైపుకే దాదాపు రెండు గంటలు.

ఒక్క వారంలో రెండు ద్వీపాలు పెట్టుకోకండి. ఒవాహుకీ మావీకీ మధ్య ఫెర్రీ లేదు. విమానం ఎగిరేది అరగంట, ముప్పావు గంటే అయినా గది ఖాళీ చేయడం, కారు అప్పగించడం, మళ్లీ కారు తీసుకోవడంతో ఒక రోజు పోతుంది.

మొదటి ట్రిప్ అద్దెకే వెళ్లండి

ఏడాదికి ఫీజు కట్టేసి వెళ్లలేని ఓనర్లు వేలల్లో ఉంటారు. వాళ్లు తమ వారాన్ని అద్దెకిస్తారు. రెడ్‌వీక్ లాంటి వెబ్‌సైట్లలో ద్వీపం, రిసార్ట్, తేదీ పెట్టి వెతకవచ్చు. చాలామంది అడిగేది ఆ ఏడు తాము కట్టిన ఫీజు, దాని మీద కాస్త. తేదీ దగ్గర పడేకొద్దీ తగ్గిస్తారు కూడా, ఎందుకంటే వారం గడిచిపోతే దాని విలువ సున్నా. విమానం టికెట్ ఆఖరి నిమిషంలో దొరకబుచ్చుకోగలిగినవాళ్లకు ఇది మంచి అవకాశం. మిగతావాళ్లు ఎనిమిది, పది నెలల ముందే చూసుకోవడం మేలు.

డబ్బు పంపేముందు ఇవి తప్పకుండా చేయండి. రిజర్వేషన్ మీ పేరు మీదికి మార్చి కన్ఫర్మేషన్ పంపమని అడగండి. ఆ నంబరు పట్టుకుని రిసార్ట్‌కు మీరే ఫోన్ చేసి, ఫలానా తేదీకి ఫలానా పేరు మీద బుకింగ్ ఉందా అని కనుక్కోండి. ఓనరు ఇచ్చిన ఫోన్ నంబరు కాదు, రిసార్ట్ సొంత సైట్‌లో ఉన్న నంబరు. రద్దు చేసుకుంటే ఏమవుతుందో, గదికి తేడా వస్తే ఎవరిది బాధ్యతో రాతపూర్వకంగా ఉండాలి. జెల్ (Zelle), గిఫ్ట్ కార్డు, బ్యాంకు వైర్ ద్వారానే పంపమంటే వదిలేయండి. ఇలాంటి అద్దెల్లో సాధారణంగా డబ్బు వాపసు ఉండదు, అందుకని ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. వీసా స్టాంపింగ్ డేట్లు ఎప్పుడు మారతాయో తెలియని మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అయితే ఏ కారణాలకు కవర్ చేస్తారో పాలసీ చదివి తీసుకోండి.

పాయింట్లు కూడా అద్దెకు దొరుకుతాయి. అవులానికి వెళ్లాలంటే డిస్నీ పాయింట్లున్న ఓనరు మీ పేరు మీద గది బుక్ చేసి పెడతాడు. వాళ్ల సొంత రిసార్ట్ అయితే 11 నెలల ముందే బుక్ చేసుకోవచ్చు, వేరే డిస్నీ రిసార్ట్ ఓనర్లకు 7 నెలల ముందే. అంటే అవులానిలోనే పాయింట్లున్న ఓనరును పట్టుకుంటే మిగతావాళ్లకంటే నాలుగు నెలలు మీరు ముందున్నట్టు. పండగ రోజులకు ఈ నాలుగు నెలలే కీలకం.

కొనాలా? కాగితం మీద లెక్క

అంకెలు ఉదాహరణకు వేస్తున్నాను, మీకు చెప్పిన అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి. సేల్స్ గదిలో రెండు బెడ్‌రూముల వారం 45,000 డాలర్లు, ఏటా మెయింటెనెన్స్ 2,400 అనుకుందాం. ఇరవై ఏళ్లు వాడతారనుకుంటే కొన్న ధర ఏడాదికి 2,250 పడుతుంది. ఫీజు కలిపితే 4,650, అంటే రాత్రికి సుమారు 664 డాలర్లు. వాళ్లే ఇచ్చే అప్పు తీసుకుంటే వడ్డీ రెండంకెల్లో ఉంటుంది, లెక్క ఇంకా పెరుగుతుంది. అదే వారం పాత ఓనరు దగ్గర 5,000కు దొరికితే రాత్రికి 379. ఎవరి దగ్గరైనా 2,800కు అద్దెకు తీసుకుంటే రాత్రికి 400, పైగా వచ్చే ఏడాది గురించి ఏ బాధ్యతా లేదు.

ఈ లెక్కలో ఫీజు ఇరవై ఏళ్లూ అలాగే ఉంటుందనుకున్నాం. ఉండదు, పెరుగుతూ పోతుంది. పైకప్పులు మార్చాలన్నా, తుపాను దెబ్బ తగిలినా స్పెషల్ అసెస్‌మెంట్ పేరుతో అదనపు బిల్లు కూడా రావచ్చు. హవాయిలో రెండు బెడ్‌రూముల యూనిట్లకు ఏడాదికి మూడు వేలు దాటిన ఫీజులూ ఉన్నాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఏటా, లేదా తప్పనిసరిగా రెండేళ్లకోసారి, ఒకే ద్వీపానికి వెళ్లే అలవాటు మీకు ఇప్పటికే ఉంటేనే కొనండి. కొంటే వెళ్తాంలే అనుకుని కొనకండి. అది జిమ్ మెంబర్‌షిప్ కథే అవుతుంది.

కొనేటట్లయితే రీసేల్‌లో

సేల్స్ గదిలో వేల డాలర్లు పోసి కొన్నదాన్ని తర్వాత వందలకు, కొన్నిసార్లు ఒక్క డాలరుకే ఇచ్చేస్తున్నవాళ్లు ఉన్నారు. ఫీజు భారం దిగితే చాలని. హవాయి వారాలకు కొంచెం విలువ నిలబడుతుంది, అయినా కొత్తదాని ధరలో చిన్న ముక్కే. కొనేముందు అడగాల్సినవి: అది ఏ రకం వారం, ఏ సీజన్, ఏటా వస్తుందా, ఫీజు బాకీ ఏమైనా ఉందా, ఈ ఏడాది వారం ఇప్పటికే వాడేశారా, అప్పు తీరిందా. ఇవన్నీ రిసార్ట్ నుంచి కాగితం మీద తెప్పించమనండి. బదిలీ పనిని ఎస్క్రో కంపెనీ (పని పూర్తయ్యేదాకా డబ్బు తన దగ్గర ఉంచుకునే మధ్యవర్తి) ద్వారా చేయించండి, ఓనరు చేతికి నేరుగా డబ్బు ఇవ్వొద్దు.

రెండు సంగతులు తెలిసి ఉండాలి. మారియట్, డిస్నీ లాంటి కంపెనీలకు ముందుగా కొనే హక్కు ఉంటుంది. మీరు మాట్లాడుకున్న ధరకే వాళ్లు తీసేసుకోవచ్చు, అప్పుడు మళ్లీ వెతుక్కోవాలి. రెండోది, రీసేల్‌లో కొన్నవాళ్లకు కంపెనీ ఇచ్చే కొన్ని అదనపు సౌకర్యాలు రావు. హోటల్ పాయింట్లుగా మార్చుకోవడం, వీఐపీ హోదా లాంటివి. నిజంగా అవి మీకు అవసరమా అని ఒక్కసారి అడిగి చూసుకోండి, చాలామందికి అక్కర్లేదు.

ఇప్పటికే సేల్స్ గదిలో సంతకం పెట్టేసి ఇది చదువుతుంటే, వెంటనే తేదీ చూసుకోండి. హవాయి చట్టం ప్రకారం రద్దు చేసుకోవడానికి 7 రోజులు ఇస్తారు. శని, ఆదివారాలు కూడా లెక్కలోకే. ఫ్లోరిడాలో సంతకం పెడితే 10 రోజులు, నెవాడాలో అయితే 5. హవాయి యూనిట్లు లాస్ వేగస్‌లో కూడా అమ్ముతారు గనుక మీ ఒప్పందంలో ఏ రాష్ట్రం గడువు రాసుందో చూడండి. రద్దు ఎలా చేయాలో, ఏ చిరునామాకు పంపాలో ఆ కాగితాల్లోనే ఉంటుంది. ఫోన్ చేసి చెప్తే లెక్కలోకి రాదు. ఉత్తరం రాసి, సంతకం పెట్టి, రసీదు వచ్చేలా పోస్ట్ చేయండి. సేల్స్ మనిషికి చెప్పాల్సిన పని లేదు. చెప్తే నచ్చజెప్తూ గడువు దాటిస్తాడు.

మార్పిడి

మీ వారాన్ని ఇచ్చి ఇంకో చోటి వారం తీసుకోవడానికి రెండు పెద్ద సంస్థలున్నాయి: 1974లో మొదలైన ఆర్‌సీఐ, 1976లో వచ్చిన ఇంటర్వల్ ఇంటర్నేషనల్. సభ్యత్వానికి ఏటా కొంత, ఒక్కో మార్పిడికి 200 డాలర్ల పైన కట్టాలి. మీ రిసార్ట్ ఏ సంస్థలో ఉందో దాన్ని బట్టి దొరికే చోట్లు మారతాయి. గిరాకీ ఉన్న వారం ఇస్తే గిరాకీ ఉన్నది దొరుకుతుంది. ఒర్లాండోలో చవగ్గా కొని ఏటా మావీ వెళ్లొచ్చు అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఒర్లాండోలో యూనిట్లు కుప్పలు, మావీలో కొరత. సెప్టెంబర్‌లో స్టూడియో దొరకొచ్చు, జులైలో రెండు బెడ్‌రూములు దొరకడం కష్టం.

ఇంటర్వల్‌లో రెండు దారులున్నాయి. వారం ముందే వాళ్లకు అప్పగించి వెతకడం ఒకటి. మీ వారాన్ని మీ దగ్గరే ఉంచుకుని, కావలసింది దొరికాకే ఇచ్చేయడం రెండోది. హవాయి కోసం చూస్తుంటే రెండోదే నయం: దొరక్కపోతే కనీసం మీ సొంత రిసార్ట్‌కే వెళ్లొచ్చు. ఏ దారైనా, వెతుకులాట ఏడాది ముందే పెట్టండి. ఒకే రిసార్ట్ కాకుండా ఐదారు రాయండి, తేదీల్లో మూడు నాలుగు వారాల వెసులుబాటు ఇవ్వండి. పైన కాగితం మీద రాసుకున్నది ఇక్కడే పనికొస్తుంది. దొరికిందని ఈమెయిల్ వచ్చాక ఇంట్లో రెండు రోజులు చర్చలు పెట్టుకునే టైమ్ ఉండదు.

చివరి రెండు నెలల్లో మిగిలిపోయిన వారాలను తక్కువకు, నియమాలు సడలించి ఇచ్చే పథకాలు రెండింట్లోనూ ఉన్నాయి. విమానం ధర ముందు చూసుకుని గానీ వాటి జోలికి వెళ్లకండి.

వెళ్లే ముందు, దిగిన తర్వాత

హవాయిలో దిగేముందు మొక్కలు, పళ్లు, కూరగాయలు తెచ్చారా అని డిక్లరేషన్ అడుగుతారు. అమెరికా మరో రాష్ట్రం నుంచి వచ్చినా సరే. సంచిలో పచ్చి కరివేపాకు, మామిడికాయలు ఉంటే దాచకుండా రాయండి, లేదా ఇంట్లోనే వదిలేయండి. పొడులు, పచ్చళ్లతో అంత ఇబ్బంది ఉండదు. స్టూడియోల్లో సాధారణంగా మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ మాత్రమే ఉంటాయి. పొయ్యితో నిండు వంటగది కావాలంటే ఒక బెడ్‌రూము, ఆ పైది తీసుకోండి. ప్రెషర్ కుక్కర్ ఎక్కడా ఉండదు. మేం చిన్న ఇన్‌స్టంట్ పాట్ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకెళ్తాం, అన్నం, పప్పు దాంట్లోనే. మావీ ఎయిర్‌పోర్టు పక్కనే కాస్ట్‌కో ఉంది, గదికి వెళ్లేముందే సరుకులు తీసుకోండి. పడమటి తీరంలో ధరలు వేరు.

కొన్ని చోట్లకు రిజర్వేషన్ లేనిదే పంపరు, గది దొరకగానే ఆ తేదీలు ఫోన్‌లో పెట్టుకోండి. మావీలో హలేకల కొండ మీద సూర్యోదయానికి 60 రోజుల ముందు, ఒవాహులో డైమండ్ హెడ్ కొండకు 30 రోజుల ముందు, అక్కడే హనౌమా బే బీచ్‌కు 2 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. హనౌమా బే సోమ, మంగళవారాలు మూసి ఉంటుంది.

చెక్ ఇన్‌లో రాష్ట్రానికి రోజువారీ పన్ను కట్టాల్సి రావచ్చు, కొన్ని చోట్ల పార్కింగ్ కూడా. తాళాలు ఇచ్చాక, పార్కింగ్ పాస్, చిన్న బహుమతి ఆ పక్క డెస్క్‌లో తీసుకోండి అంటారు. అక్కడ మళ్లీ మొదటి పేరాలో చెప్పిన ఆయనే కూర్చుని ఉంటాడు, చొక్కా మాత్రం మారుతుంది. ఓనర్లకైతే దాన్ని ఓనర్ అప్‌డేట్ అంటారు. పాస్ తీసుకుని థాంక్స్ చెప్పి వచ్చేయండి. గిఫ్ట్ కార్డు కోసం వెళ్లాలనిపిస్తే వెళ్లండి, తప్పేం లేదు. కాకపోతే టైమ్ ఎంతో కాగితం మీద రాయించుకోండి, అది అయిపోగానే లేవండి. క్రెడిట్ కార్డు గదిలోనే వదిలి వెళ్లేవాళ్లను నేను చూశాను.

ఇండియాకు తిరిగి వెళ్లిపోతుంటే

గ్రీన్ కార్డు క్యూలో విసిగి, లేదా అమ్మానాన్నల కోసం సర్దుకుని వెళ్లిపోయేవాళ్లు ఇల్లు, కారు, 401కే గురించి ఆలోచిస్తారు, టైమ్‌షేర్ మర్చిపోతారు. ఫీజు కట్టడం మానేస్తే బాకీ వసూలుకు వెళ్తుంది, క్రెడిట్ దెబ్బతింటుంది. మళ్లీ ఎప్పుడైనా అమెరికా రావాలనుకుంటే అది అక్కడే ఎదురుచూస్తుంటుంది. కనీసం ఏడాది ముందు పని మొదలుపెట్టండి. ముందుగా మీ కంపెనీకే ఫోన్ చేసి, వెనక్కి తీసుకునే పథకం ఉందా అని అడగండి. అప్పు తీరి, ఫీజు బాకీ లేకపోతే చాలా కంపెనీలు తీసుకుంటున్నాయి. కుదరకపోతే రీసేల్‌లో దాదాపు ఉచితంగా పెట్టండి, వచ్చే ఏడాది ఫీజు మీరే కడతామంటే తొందరగా పోతుంది.

మీ టైమ్‌షేర్ వదిలిస్తాం, ముందు ఐదు వేలు కట్టండి అని ఫోన్ చేసేవాళ్లకు ఒక్క పైసా పంపకండి. బదిలీ పూర్తయ్యాక మీ పేరు తీసేసినట్టు రిసార్ట్ ఇచ్చే ఉత్తరం, హవాయి రాష్ట్ర రిజిస్ట్రేషన్ ఆఫీసులో (బ్యూరో ఆఫ్ కన్వేయన్సెస్) రిజిస్టర్ అయిన పత్రం కాపీ తీసుకుని, ఇండియాలో వాడే ఈమెయిల్‌కు పంపుకోండి. రిసార్ట్ దగ్గరున్న మీ చిరునామా, ఫోన్ కూడా మార్చండి. ఆఖరి బిల్లు పాత అపార్ట్‌మెంట్ డబ్బాలో పడి ఉండిపోతే, దాని మీద లేట్ ఫీజు మొదలయ్యాక గానీ మీకు తెలియదు.